మొదటి కొండగొర్రె వేట: ఏ కొండ, ఏ గొర్రె, ఏ గైడు?

కొండగొర్రె వేట మీద మనసు పడ్డవాళ్లను ఆపేవి రెండే: ఖర్చు, మోకాళ్లు. ఖర్చు ఏటా పెరుగుతుంది, మోకాళ్లు ఏటా అరుగుతాయి. అందుకే ఈ వేటలో అన్నిటికంటే ఖరీదు పడేది తప్పు గొర్రెను ఎంచుకోవడం కాదు, ఏదీ ఎంచుకోకుండా పదేళ్లు గడిపేయడం. ఈ కింది పోలిక అంతా ఆ మాట మీద నిలబడి రాసినదే.

మొదట రెండు మాటలు విడదీసుకోవాలి. ఔట్‌ఫిట్టర్ అంటే వేట ప్రాంతం, అనుమతులు, విమానం, శిబిరం, గుర్రాలు సమకూర్చే సంస్థ. గైడు అంటే పది రోజులు మీ పక్కన నడిచి, పొట్టేలును వెతికి, దాని వయసు లెక్కపెట్టి, మాంసం మోసే మనిషి. కొన్నిచోట్ల ఇద్దరూ ఒకరే. మీరు సంతకం పెట్టేది ఔట్‌ఫిట్టర్‌తో, మీ వేట నిలబడేది గైడు మీద. బుక్ చేసేటప్పుడే గైడు ఎవరో అడిగి తెలుసుకోండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

ఒళ్లు: రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కి దిగగలరా, ఇరవై అయిదు కిలోల సంచితో? లేక గుర్రం మీదో జీపులోనో సగం దూరం వెళ్లే వేట కావాలా?

ఎత్తు: అలాస్కా గొర్రెలు చాలావరకు 1,000 నుంచి 2,000 మీటర్ల మధ్య తిరుగుతాయి. అక్కడ ఊపిరి ఆడకపోతే తప్పు ఒంటిది, గాలిది కాదు. తజికిస్తాన్ పామీర్ పర్వతాల్లో 4,000 మీటర్ల పైన వేట. అక్కడ మారథాన్ పరిగెత్తేవాడికి కూడా తల తిరగవచ్చు.

ఎదురుచూపు: డబ్బు కట్టి రెండు మూడేళ్లలో వెళ్లేవి కొన్ని, లాటరీలో పేరు వస్తేనే వెళ్లేవి కొన్ని.

చట్టం: ఎలాంటి పొట్టేలును కొట్టవచ్చు, కొమ్ములను మీరుండే దేశానికి తేవడానికి ఏ కాగితం కావాలి.

డబ్బును చివర పెట్టడానికి కారణం ఉంది. పై నాలుగూ తేలితే ఎంపికలు రెండో మూడో మిగులుతాయి, వాటి మధ్యే ధర చూడాలి. ముందే ధర చూస్తే ఒంటికి పడని వేటను చౌకగా వస్తుందని కొనేస్తారు.

| ఎంపిక (జంతువు, చోటు) | గైడు రుసుము, సుమారుగా (అమెరికన్ డాలర్లు) | ఎదురుచూపు | ఒంటికి పని |
|---|---|---|---|
| డాల్, అలాస్కా | 25–35 వేలు | 1–3 ఏళ్లు | చాలా ఎక్కువ, అంతా వీపు మీదే |
| డాల్, కెనడా వాయవ్య భూభాగాలు, యూకాన్ | 30–40 వేలు | 1–3 ఏళ్లు | ఎక్కువ. కొన్నిచోట్ల గుర్రాలు, హెలికాప్టర్ |
| స్టోన్, బ్రిటిష్ కొలంబియా | 60 వేలు, ఆ పైన | 2–4 ఏళ్లు | ఎక్కువ. గుర్రాలు మామూలు |
| బిగ్‌హార్న్, అమెరికా పశ్చిమ రాష్ట్రాల డ్రా (లాటరీ) | ట్యాగ్ (ఒక జంతువును కొట్టే అనుమతి చీటీ) వస్తే 8–15 వేలు | అదృష్టం. ఇరవై ఏళ్లూ పట్టవచ్చు | ప్రాంతాన్ని బట్టి |
| డెజర్ట్ బిగ్‌హార్న్, మెక్సికో | 60 వేలు, ఆ పైన | 1–2 ఏళ్లు | మధ్యస్థం; రాళ్లు, ముళ్లు |
| మార్కోపోలో అర్గాలీ, తజికిస్తాన్ | 30–45 వేలు | 1–2 ఏళ్లు | నడక తక్కువ, ఎత్తు ఎక్కువ |
| ఐబెక్స్, కిర్గిజ్‌స్తాన్ | 8–12 వేలు | 1 ఏడాది | గుర్రం మీద. 3,000 మీటర్ల పైన |
| ఔడాడ్, పశ్చిమ టెక్సాస్ | 4–8 వేలు | కొన్ని నెలలు | మధ్యస్థం |

ఇవి ఇటీవలి ధరల తీరు మాత్రమే. సంతకానికి ముందు ఆ ఏటి ధర రాతపూర్వకంగా తీసుకోండి.

డాల్ గొర్రె: అలాస్కానా, కెనడానా

తెల్ల ఒళ్లు, తేనెరంగు కొమ్ములు ఉన్న డాల్ చాలామందికి మొదటి గొర్రె. ఉత్తర అమెరికాలోని నాలుగు రకాల్లో (డాల్, స్టోన్, రాకీ బిగ్‌హార్న్, డెజర్ట్ బిగ్‌హార్న్) డబ్బు కట్టి నేరుగా వెళ్లగలిగిన వాటిలో ఇదే తక్కువ ధరది.

అలాస్కాలో నాన్‌రెసిడెంట్ (ఆ రాష్ట్ర నివాసి కానివారు) డాల్ వేటకు లైసెన్సున్న గైడు తప్పనిసరి. ఒక్కటే మినహాయింపు. మీరు అమెరికా పౌరులై, 19 ఏళ్లు నిండిన దగ్గరి బంధువు అలాస్కా నివాసి అయితే ఆయనతో వెళ్లవచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలు, తాతామామ్మలు, మనవలు, భార్యాభర్తలు, అత్తమామలు, అల్లుళ్లు, కోడళ్లు, బావమరుదులు, వదినామరదళ్లు, సవతి తల్లిదండ్రులు, సవతి తోబుట్టువులు, సవతి బిడ్డల వరకే ఆ లెక్క. బాబాయి, మేనమామ, వాళ్ల పిల్లలు అందులోకి రారు. అమెరికా పౌరులు కాని విదేశీయులకు ఈ మినహాయింపు లేదు, పెద్ద జంతువు దేనికైనా గైడు ఉండాల్సిందే. ప్రభుత్వ రుసుము నాన్‌రెసిడెంట్ పౌరులకు లైసెన్సు 160 డాలర్లు, గొర్రె ట్యాగ్ 850. విదేశీయులకు 630, 1,100.

సాధారణ సీజన్ ఆగస్టు 10 నుంచి సెప్టెంబరు 20 వరకు. నియమం ఫుల్ కర్ల్: ఒక కొమ్మయినా పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొనలూ విరిగి ఉండాలి, లేదా కొమ్ము వలయాల లెక్కన వయసు కనీసం 8 ఏళ్లుండాలి. ఈ మూడిట్లో ఒక్కటి చాలు. కొట్టిన 30 రోజుల్లో కొమ్ములను వేట శాఖ కార్యాలయంలో చూపించి సీల్ వేయించాలి. అక్కడ కొలత తప్పితే కొమ్ములు పోతాయి, కేసు పడుతుంది. "గైడు కొట్టమన్నాడు" అన్న మాట అక్కడ మిమ్మల్ని కాపాడదు, తుపాకీ పేల్చింది మీరు. అందుకే వలయాలు లెక్కపెట్టడం మీరూ నేర్చుకోవాలి. స్పాటింగ్ స్కోప్‌లో (కాళ్ల మీద నిలబెట్టి చూసే దుర్భిణిలో) పొట్టేలును పక్కనుంచి, ఎదురుగా, రెండు కోణాల్లో చూసేదాకా తుపాకీ సంచిలోనే ఉండాలి.

అలాస్కాలో వేటకు హెలికాప్టర్ వాడకూడదు. చిన్న విమానంలో నది ఇసుకమేట మీదో కొండ శిఖర వెన్ను మీదో దిగుతారు. విమానంలో దిగిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజాము 3 గంటల దాకా ఆగాలి. సీజన్‌లో గాలిలోంచి గొర్రెల జాడ వెతకడమూ నిషిద్ధం.

ఇక్కడ కొత్తవాళ్లకు తెలియనిది నేల సంగతి. రాష్ట్ర భూముల మీద చాలావరకు ఏ గైడుకూ ప్రత్యేక హక్కు లేదు. 1988లో అలాస్కా సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. అంటే మీరు రెండు రోజులు నడిచి చేరిన లోయలో ఇంకో బృందం ముందే గుడారం వేసి ఉండవచ్చు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) వన్యప్రాణి శరణాలయాల్లోను, నేషనల్ ప్రిజర్వులనే రక్షిత ప్రాంతాల్లోను గైడుకు కన్సెషన్ (ఆ ప్రాంతంలో వేట నడిపే హక్కు) ఉంటుంది, పోటీ తక్కువ. ధరలో మూడు నాలుగు వేల తేడా ఉన్నా కన్సెషన్ ఉన్న గైడునే ఎంచుకోమని మా సలహా. ఇటీవల గడ్డు చలికాలాల వల్ల చాలా కొండల్లో గొర్రెలు బాగా తగ్గాయి కూడా. ఇరవై ఏళ్ల ఆల్బమ్ చూపించే గైడును గత మూడు సీజన్ల లెక్క అడగండి: ఎంతమంది వచ్చారు, ఎన్ని పొట్టేళ్లు దొరికాయి, వాటి వయసులెంత.

కెనడా వాయవ్య భూభాగాల్లో, మెకంజీ పర్వతాల్లో, లెక్క వేరు. బయటివాళ్లు ఔట్‌ఫిట్టర్‌తోనే వెళ్లాలి. ఒక్కో ఔట్‌ఫిట్టర్‌కు తనదైన విశాల ప్రాంతం, అందులో వేరే ఔట్‌ఫిట్టర్ రాడు. సీజన్ జూలై మధ్యలోనే మొదలవుతుంది, హెలికాప్టర్ వాడకం ఉంది. కనీస నియమం కొమ్ము ముప్పావు చుట్టే అయినా మంచి ఔట్‌ఫిట్టర్లు ముసలి పొట్టేళ్లనే ఎంచుతారు. ధర కొంచెం ఎక్కువ, కానీ దొరికే అవకాశమూ ఎక్కువే. యాభై దాటినవారికి, ఒక్కసారే వెళ్లగలిగినవారికి మేము ఇదే చెబుతాం. నలభై లోపు, ఒళ్లు గట్టిగా ఉండి, ఖాళీ చేతులతో వచ్చినా బాధపడనివారికి అలాస్కా. యూకాన్ ఈ రెండిటికీ మధ్యన ఉంటుంది. గుర్రాల మీద వెళ్లే పాతకాలపు వేట ఇష్టమైతే అక్కడ వెతకండి.

స్టోన్, డెజర్ట్

రెండూ అందమైనవే, మొదటి వేటకు రెండూ తగవు. స్టోన్ గొర్రె దాదాపు మొత్తం ఉత్తర బ్రిటిష్ కొలంబియాలోనే ఉంటుంది, కొంత దక్షిణ యూకాన్‌లో. కోటా తక్కువ, కోరేవారు ఎక్కువ, అందుకే ఆ ధర. కొండలో ఎలా నడవాలో, ఎలా కొట్టాలో నేర్చుకోవడానికి అంత డబ్బు పెట్టనక్కర్లేదు.

మెక్సికో డెజర్ట్ వేట సొనోరా, బాహా కాలిఫోర్నియా సుర్ రాష్ట్రాల్లో చలికాలంలో సాగుతుంది. తిబురోన్ దీవిలో 1975లో 20 గొర్రెలను వదిలితే అవే మందలయ్యాయి. ఆ దీవి సేరి ప్రజలది, పర్మిట్ల డబ్బు వారికి అందుతుంది. తుపాకీని సరిహద్దు దాటించడానికి సైనిక శాఖ అనుమతి కావాలి కాబట్టి చాలామంది ఔట్‌ఫిట్టర్ తుపాకీ అద్దెకు తీసుకుంటారు. అలా అయితే మొదటి రోజు కనీసం పది గుళ్లు కాల్చి చూడనివ్వమని ముందే ఒప్పందంలో రాయించుకోండి.

డ్రా: చౌక, కానీ గడియారం మీది కాదు

వయోమింగ్, మోంటానా, నెవాడా, అరిజోనా, యూటా, కొలరాడో, ఐడహో, న్యూమెక్సికో రాష్ట్రాలు బిగ్‌హార్న్ ట్యాగులను లాటరీలో ఇస్తాయి. పద్ధతులు ఒకేలా ఉండవు. వయోమింగ్‌లో ఎక్కువ పాయింట్లు (ఏటా దరఖాస్తు చేసేకొద్దీ పోగయ్యేవి) ఉన్నవారికి ముందు వరస. ఇవాళ సున్నాతో మొదలుపెట్టినవారు ఆ వరస చివర నిలబడ్డట్టే. నెవాడా, మోంటానాల్లో పాయింట్లను వర్గం చేసి (అంకెను దానితోనే గుణించి) లాటరీలో అన్నిసార్లు పేరు వేస్తారు. అయిదు పాయింట్లుంటే సుమారు పాతిక చీటీలు, పదుంటే వంద. ఐడహో, న్యూమెక్సికోల్లో పాయింట్లే లేవు, మొదటి ఏడాది వేసినవారికీ ముప్పయ్యో ఏడాది వేసినవారికీ ఒకే అవకాశం. ఇప్పుడే మొదలుపెట్టేవారు ముందు ఈ రెండిట్లో, తర్వాత వర్గం చేసే రాష్ట్రాల్లో వేయడం మేలు.

గైడు సంగతి: వయోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్‌గా (రోడ్లు వేయని అడవినేలగా) ప్రకటించిన నేలలో పెద్ద జంతువుల వేటకు నాన్‌రెసిడెంట్ గైడో వయోమింగ్ నివాసో తోడు లేకుండా వెళ్లకూడదు. మంచి గొర్రె నేల చాలావరకు అదే. మిగతా రాష్ట్రాల్లో తప్పనిసరి కాదు. కానీ జీవితంలో ఒక్కసారి వచ్చే ట్యాగ్ చేతిలో పెట్టుకుని, తెలియని కొండలో ఒంటరిగా పది రోజులు వృథా చేసుకోవడం బాధాకరం. ట్యాగ్ వచ్చిన వారమే గైడును పట్టుకోండి, మంచివాళ్లు వెంటనే నిండిపోతారు.

డ్రాను ఎంపికగా కాదు, పక్కన నడిచే అలవాటుగా చూడండి. ప్రతి వసంతంలో దరఖాస్తులు వేస్తూ, ఈలోపు వేరే వేటకు వెళ్లండి. ఇదే వరసలో వైల్డ్ షీప్ ఫౌండేషన్ ఒకటి. 1977లో మొదలైన ఈ సంస్థ, ఇంతవరకు గొర్రెను కొట్టని సభ్యుల కోసం విడిగా లాటరీ నడుపుతుంది. ఏటా జరిగే వాళ్ల షోలో ఔట్‌ఫిట్టర్లందరూ ఒకే కప్పు కింద దొరుకుతారు, ముఖాముఖి మాట్లాడవచ్చు.

మధ్య ఆసియా

తజికిస్తాన్ పామీర్‌లోని మార్కోపోలో కొమ్ములు ప్రపంచంలోనే పొడవైన గొర్రె కొమ్ములు. దుషాన్‌బే నుంచో, కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నుంచో ముర్గాబ్ వైపు జీపులో ఒకటి రెండు రోజుల ప్రయాణం. శిబిరం తరచుగా పొయ్యి ఉన్న గది. ఉదయం జీపులో తిరిగి స్కోప్‌తో వెతికి, చివరి మైలు నడుస్తారు. నడక తక్కువ కదా అని తేలికనుకోకండి. అంత ఎత్తులో యాభై అడుగులకే ఊపిరి తిరగదు, చలి సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పోతుంది, దూరం 300 నుంచి 500 మీటర్లు. వెళ్లగానే వేటాడించే ఔట్‌ఫిట్టర్‌ను వద్దనుకోండి, ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికి రెండు రోజులు ప్రణాళికలోనే ఉండాలి. ఎత్తు మందుల గురించి బయల్దేరే ముందే వైద్యుణ్ణి అడగండి.

అర్గాలీ సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న జీవి. అమెరికా చట్టం దాన్ని తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, మంగోలియాల్లో ముప్పులో ఉన్నదిగా లెక్కేస్తుంది కాబట్టి కొమ్ములు అమెరికాకు రావాలంటే చేపలు, వన్యప్రాణుల సేవా సంస్థ దిగుమతి పర్మిట్ కావాలి. వేటకు ముందే దరఖాస్తు చేయండి. పర్మిట్ లేకుండా వెళ్లి, కొమ్ములు గోదాములో ఏళ్లు పడివుండగా చూడటం ఈ వేటలో అతి సాధారణమైన దుఃఖం.

కిర్గిజ్ ఐబెక్స్ గొర్రె కాదు, అడవి మేక. అయినా ఇక్కడ చేర్చాం. కొండ అదే, ఎత్తు, వాలు మీద గురి, ఎదురుచూపు అవే, ధర మాత్రం మూడో వంతు. గుర్రపు స్వారీ అస్సలు రానివారు బయల్దేరే ముందు కనీసం పది గంటలు నేర్చుకోవాలి. మంచు వాలు మీద ఆరు గంటల స్వారీకి తొడలు, మోకాళ్లు సిద్ధంగా లేకపోతే రెండో రోజుకే శిబిరంలో కూర్చోవాల్సి వస్తుంది.

ఔడాడ్: చిన్నచూపు చూడాల్సింది కాదు

ఉత్తర ఆఫ్రికా నుంచి తెచ్చి 1950ల చివర్లో టెక్సాస్ పాలో డ్యూరో లోయలో వదిలిన ఔడాడ్ ఇప్పుడు పశ్చిమ టెక్సాస్ కొండలంతా పాకింది. అసలైన గొర్రె జాతికి చెందదు, కానీ కంటిచూపు, రాళ్ల మీద నడక, దెబ్బను ఓర్చుకునే మొండితనం దేనికీ తీసిపోవు. అక్కడ దానికి మూసిన సీజన్ లేదు, ట్యాగ్ లేదు. అయిదు రోజుల నాన్‌రెసిడెంట్ లైసెన్సు 48 డాలర్లు. మూడు నాలుగు రోజుల్లో రెండు మూడుసార్లు జంతువు వెంట పొంచి వెళ్లే అవకాశం దొరకవచ్చు, కొత్తవారికి అదే పెద్ద చదువు. బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న: ఎత్తు కంచె లోపలా, విడిగా తిరిగేవా? కంచె లోపలిది మీకు కొండను నేర్పదు. మరో మాట, ఔడాడ్ మోసుకొచ్చే న్యుమోనియా క్రిములు అక్కడి స్థానిక డెజర్ట్ బిగ్‌హార్న్‌కు ప్రాణాంతకం. దాన్ని తగ్గించడం ఆ కొండలకు మేలే.

మొదటిసారి కొండకు వెళ్లే చాలామందికి మా వరస ఇది: ముందు ఔడాడ్ లేదా ఐబెక్స్, రెండు మూడేళ్లకు డాల్, మొదటి ఏడాది నుంచే డ్రా దరఖాస్తులు. అరవై దగ్గరపడి డబ్బున్నవారు మాత్రం వరస మానేసి నేరుగా కెనడా డాల్‌కు అడ్వాన్సు కట్టండి.

ఒప్పందంలో చూడాల్సినవి

అడ్వాన్సు తరచుగా సగం, తిరిగి రాదు. రుసుములో సాధారణంగా కలవనివి: చార్టర్ విమానం, లైసెన్సు, ట్యాగ్, పన్ను, హోటల్ రాత్రులు, కొమ్ముల రవాణా, గైడుకు ఇచ్చే టిప్ (పది నుంచి పదిహేను శాతం అనుకోండి). అసలు రుసుము మీద కనీసం పాతిక శాతం పక్కన పెట్టుకోండి. జంతువు గాయపడి తప్పించుకుంటే ఏమిటన్నది కచ్చితంగా చదవండి. చాలా ఒప్పందాల్లో నెత్తురు పడితే వేట ముగిసినట్టే. వాతావరణం వల్ల విమానం ఆగిపోతే ఆ రోజులు మళ్లీ ఇస్తారా? ఒక గైడుకు ఒక్కరా, ఇద్దరా? ఇద్దరైతే ముందు కొట్టేది ఎవరు? హెలికాప్టర్ రక్షణతో కూడిన బీమా మీరే తీసుకోండి.

నూటికి నూరు విజయం అని చెప్పేవాడికంటే, పోయినేడు ఎందరు ఖాళీగా వెళ్లారో, ఎందుకో చెప్పేవాణ్ణి నమ్మండి. ఆ ఖాళీగా వెళ్లినవారిలో ఇద్దరి నంబర్లు అడగండి.

ఒళ్లు, గురి, సంచి

కనీసం ఎనిమిది నెలల ముందు మొదలుపెట్టండి. వారానికి మూడు రోజులు సంచితో మెట్లో కొండో ఎక్కండి. పది కిలోలతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి రెండు కిలోలు పెంచుతూ ఇరవై అయిదుకు చేరండి. అందరూ ఎక్కడమే సాధన చేస్తారు. మోకాళ్లు పోయేది దిగేటప్పుడు, కొమ్ములు, తోలు, మాంసం కలిసి సంచి నలభై కిలోలు దాటినప్పుడు. దిగడాన్నీ సాధన చేయండి, చేతికర్రలు రెండూ వాడుతూ. గట్టి అడుగున్న తోలు బూట్లు కనీసం 150 కిలోమీటర్లు తొడిగి నడిచాకే కొండకు తీసుకెళ్లండి.

తుపాకీ, స్కోప్ కలిపి మూడున్నర కిలోలు మించకపోతే మంచిది. తూటాల్లో 6.5 క్రీడ్‌మోర్, .270, 7 ఎంఎం ఏదైనా చాలు. మీకు బాగా అలవాటైనదే మేలైనది. సంచి మీద ఆనించి, పడుకుని, పరుగెత్తి వచ్చి రొప్పుతూ కాల్చడం సాధన చేయండి. వాలు లెక్క ముఖ్యం: 30 డిగ్రీల కోణంలో 400 మీటర్ల దూరముంటే గుండు సుమారు 346 మీటర్లకు పడినట్టే పడుతుంది. ఇది మరిచిపోయినవాళ్ల గుండు పొట్టేలు వీపు మీదుగా పోతుంది. కోణాన్ని లెక్కేసే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) తీసుకోండి, కానీ చలిలో బ్యాటరీ చస్తుంది, లెక్క తెలిసి ఉండాలి.

తిండి రోజుకు 800 గ్రాముల చుట్టూ, నూనె గింజలు ఎక్కువగా. పది రోజుల వేటకు పన్నెండు రోజుల తిండి. 10×42 బైనాక్యులర్ మీ దగ్గర ఉంటే స్పాటింగ్ స్కోప్ గైడు మోస్తాడు. ఇద్దరూ రెండు మోయడం దండగ.

తుపాకీతో సరిహద్దు దాటేవారు కెనడాకు నాన్‌రెసిడెంట్ ఆయుధ ప్రకటన పత్రం నింపుకోండి, రుసుము 25 కెనడా డాలర్లు, 60 రోజులు చెల్లుతుంది. సంతకం మాత్రం సరిహద్దు అధికారి ఎదుటే చేయాలి. పర్యాటక వీసా మీద అమెరికాకు వచ్చేవారికి చెల్లే వేట లైసెన్సు చేతిలో ఉంటేనే తుపాకీ ముట్టుకునే హక్కు. సొంత తుపాకీ తెస్తే తాత్కాలిక దిగుమతి అనుమతి ముందే రావాలి. ఆ కాగితాలకు కనీసం మూడు నెలలు కేటాయించండి.

ఆగస్టులో అలాస్కా వెళ్లాలంటే అంతకుముందు జనవరిలో ఫోన్లు మొదలుపెట్టడం ఆలస్యమే. డెల్టా, టోక్ లాంటి డ్రా ప్రాంతాల దరఖాస్తులు ముందు ఏడాది డిసెంబరు 15కే ముగుస్తాయి, గైడు ఒప్పందం అంతకు ముందే చేతిలో ఉండాలి.